కారు లోపలి ప్లాస్టిక్ మీద స్ప్రే పెయింట్ తీయాలంటే: ముందు పార్ట్ ఊడదీసి వెనక్కి తిప్పి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. సెకండ్ హ్యాండ్‌లో 2014 మోడల్ స్విఫ్ట్ కొన్నారు. గేర్ రాడ్ చుట్టూ ఉండే కన్సోల్‌కి, ఏసీ వెంట్ల రింగులకి, డోర్ హ్యాండిల్ పక్క పట్టీలకి పాత ఓనరు సిల్వర్ స్ప్రే కొట్టించాడు. ఇప్పుడు చెయ్యి తగిలే చోటల్లా అది పొరలు లేస్తోంది. ఒక మూల ఎన్సీ థిన్నర్‌తో (పెయింట్‌ని పల్చన చేసే ద్రావకం) తుడిచి చూస్తే పెయింట్‌తో పాటు కింద ప్లాస్టిక్ కూడా జిగురు పట్టింది. కంపెనీ ఇచ్చిన నల్లటి ప్లాస్టిక్ మళ్లీ బయటికి రావాలి, దానికి ఏం వాడాలి, బ్రేక్ ఆయిల్, కాస్టిక్ సోడా పనికొస్తాయా అని అడిగారు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో కార్ల ఇంటీరియర్ పని చేస్తాను. డ్యాష్‌బోర్డ్ రిపేర్లు, ట్రిమ్ పెయింటింగ్, రూఫ్ లైనింగ్, ఇవే రోజూ. సూటిగా చెప్తాను.

థిన్నర్ ఇక ముట్టుకోకండి. మీకు కావాల్సింది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మొబైల్ రిపేరు షాపుల వాళ్లు ఐపీఏ అంటారు, వాళ్లు సామాను కొనే చోటే దొరుకుతుంది. 99 శాతం ఉన్నది తీసుకోండి. టిష్యూ పేపర్ దాంట్లో తడిపి పెయింట్ మీద పరిచి, పైన పాలిథిన్ కవర్ కప్పి, పావుగంట ఆగి, పాత ఏటీఎం కార్డుతో మెల్లగా గీకండి. డబ్బా స్ప్రే అయితే చాలావరకు దీనికే లొంగుతుంది. దీనికి లొంగని పెయింట్‌ని ఇంట్లో కెమికల్‌తో తీయాలని చూడొద్దు. దానికి దారి వేరే ఉంది, కింద చెప్తాను.

అసలు థిన్నర్ ఎందుకు వద్దంటున్నానో మీరు తుడిచిన ఆ మూలే చెప్తోంది. కారు లోపల వాడే ప్లాస్టిక్ ఒకటే రకం కాదు. పార్ట్ ఊడదీసి వెనక్కి తిప్పితే, అచ్చులోనే పోసిన చిన్న అక్షరాలు కనిపిస్తాయి, రెండు బాణం గుర్తుల మధ్య. ఏబీఎస్ అనో, పీపీ అనో, పీసీ ప్లస్ ఏబీఎస్ అనో, పీపీ ప్లస్ ఈపీడీఎం పక్కన టీడీ20 అనో ఉంటుంది. ఇవి ముడిసరుకు పేర్లు: ఏబీఎస్ ఒక గట్టి ప్లాస్టిక్ (బ్రేకుల ఏబీఎస్ కాదు), పీపీ అంటే పాలీప్రొపిలీన్, పీసీ అంటే పాలీకార్బొనేట్, ఈపీడీఎం ఒక రకం రబ్బరు. ఆ టీడీ20 అంటే 20 శాతం టాల్క్ పొడి కలిపారని. మెరుపు, నునుపు, రంగు కావాల్సిన రింగులు, పట్టీలు, కన్సోల్ పైముక్కలు ఎక్కువగా ఏబీఎస్ లేదా పీసీ కలిపిన ఏబీఎస్. డోర్ ప్యాడ్ కింది భాగం, సీటు పక్క కవర్లు, పిల్లర్ కవర్ల లాంటి గరుకు ముక్కలు ఎక్కువగా పీపీ.

ఈ రెండింటి స్వభావం పూర్తిగా వేరు. ఎన్సీ థిన్నర్‌లో టొల్యూన్, కీటోన్లు, ఎసిటేట్‌లు ఉంటాయి. అవి ఏబీఎస్‌ని మెత్తబరిచి కరిగించేస్తాయి. పీపీని మాత్రం వెంటనే ఏమీ చేయలేవు, మహా అయితే కొంచెం ఉబ్బుతుంది. మీ ముక్క జిగురు పట్టిందంటే వెనక చూడకుండానే చెప్పొచ్చు, అది పీపీ కాదు. ఏబీఎస్ కుటుంబమే.

ఆ జిగురు పట్టిన మూలని ఇప్పుడు తుడవొద్దు, గోకొద్దు. అలా వదిలేస్తే థిన్నర్ ఆరిపోయి ప్లాస్టిక్ మళ్లీ గట్టిపడుతుంది. కాస్త ఎగుడుదిగుడుగా, తెల్లగా ఉండిపోతుంది. ఓ వారం ఆగి, 600 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే ఎమెరీ కాగితం), తర్వాత 800 తడిగా రుద్ది సమం చేసుకోవచ్చు. కానీ ఆ చోట గ్రెయిన్, అంటే తోలులా కనిపించే సన్నటి గరుకు ఉండి ఉంటే అది పోయినట్టే. ఆ మూల వరకు పెయింట్ వేసుకోవడం తప్ప దారి లేదు.

మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సింది: మీ పాత ఓనరు పెయింట్ కొట్టే ముందు గ్రెయిన్ రుద్దేశాడా లేదా. దీన్ని ఎవరూ పట్టించుకోరు, చివర్లో బాధపడతారు. పెయింట్ ఊడిన చోట మొబైల్ టార్చ్‌ని పక్కనుంచి, దాదాపు పార్ట్‌కి ఆనించినట్టుగా పెట్టి చూడండి. గ్రెయిన్ చుక్కలు లోతుగా కనిపిస్తే మీ అదృష్టం, పెయింట్ పోతే ఒరిజినల్ వస్తుంది. దానికి బదులు ఒకే దిక్కుగా సన్నటి గీతలు కనిపిస్తే అవి ఎమెరీ పేపర్ గీతలు. అప్పుడు పెయింట్ ఎంత శుభ్రంగా తీసినా కింద ఉండేది గీతలు పడ్డ, వెలిసిన ప్లాస్టిక్కే. ప్రపంచంలో ఏ పాలిష్ కూడా గ్రెయిన్‌ని తిరిగి తేలేదు. అలాంటి ముక్కకి పొరలు లేచిన చోట అంచులు సమం చేసి, పైన మ్యాట్ బ్లాక్ వేసుకోవడం నయం. లేదంటే ఆటోనగర్ లాంటి చోట పాత బండి నుంచి తీసిన ముక్క వెతకండి. స్విఫ్ట్ లాంటి బండికి వెంట్ రింగులు, కన్సోల్ ముక్కలు దొరకడం కష్టం కాదు. ఈ మాట నేను నా పని పోగొట్టుకునే చెప్తున్నాను: చిన్న రింగులకి నా కూలీ కంటే పాత ముక్క ధరే చాలాసార్లు తక్కువ.

ఇక పెయింట్ ఏ రకమో తెలుసుకోవాలి. తెల్లటి బనియన్ గుడ్డ ముక్కకి ఐపీఏ తడిపి, పెయింట్ బాగున్న చోట పెట్టి అర నిమిషం అదిమి, తర్వాత రుద్దండి. గుడ్డకి సిల్వర్ అంటుకుంటే అది మామూలు డబ్బా స్ప్రే, హార్డెనర్ (పెయింట్‌ని గట్టిపరిచే మందు) కలపనిది. తేలిగ్గా పోతుంది. ఏమీ అంటకపోతే, ఎంత రుద్దినా గుడ్డ తెల్లగానే ఉంటే, అది చాలావరకు హార్డెనర్ కలిపిన పీయూ, అంటే పాలియురేథేన్ పెయింట్. పెయింట్ షాపుల్లో టూకే అంటారు. కంపెనీ వేసిన పియానో బ్లాక్, సిల్వర్ ట్రిమ్ కూడా చాలావరకు ఈ తరహాదే. చెక్క డిజైనో, కార్బన్ ఫైబర్ డిజైనో వచ్చేలా నీళ్లలో ముంచి తీసే హైడ్రో డిప్ చేసినవాటి మీద కూడా పైపొర ఇదే. ఇది ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ కరగదు. దాన్ని లేపగల కెమికల్‌కి కింద ఉన్న ఏబీఎస్ ముందే కరిగిపోతుంది.

అలాంటి పీయూ పెయింట్‌ని అసలు మొత్తం తీయాల్సిన అవసరమే లేదని నా అభిప్రాయం. గట్టిగా పట్టుకుని ఉన్న పాత పెయింట్ కంటే మంచి ప్రైమర్ ఏముంటుంది? ఊడిన చోట అంచులు 400తో మొదలుపెట్టి 800 దాకా రుద్ది, వేలితో నిమిరితే మెట్టు తెలియనంత సమం చేసి, పైన రంగు వేయడమే. ఒరిజినల్ ప్లాస్టికే కావాలని పట్టుబడితే మొత్తం వాటర్ పేపర్‌తో రుద్దాలి, దాంతో గ్రెయిన్ పోతుంది. రెండూ కావాలంటే కుదరదు.

మీది పొరలుగా లేస్తోందన్నారు కాబట్టి, నా అంచనా మామూలు స్ప్రేనే. ఇంకో మాట కూడా తెలుస్తోంది. డబ్బా స్ప్రేలో ఉండే సాల్వెంట్ (రంగుని కరిగించి ఉంచే ద్రావకం) ఏబీఎస్‌ని కొంచెం కొరుక్కుని పట్టుకుంటుంది, మామూలుగా అంత తేలిగ్గా లేవదు. లేస్తోందంటే కింద డ్యాష్‌బోర్డ్ పాలిష్ ఉండగానే, కడక్కుండానే కొట్టేసి ఉంటారు. ఆ పాలిష్‌లో సిలికాన్ ఉంటుంది, దాని మీద ఏ పెయింటూ నిలవదు. అంటే ఆ బద్ధకం ఇప్పుడు మీకు కలిసొచ్చింది. లేచిన చోట గోధుమ రంగు ప్యాకింగ్ టేపు గట్టిగా అతికించి, వెనక్కి మడిచి ఒక్కసారిగా లాగండి. సగం పెయింట్ టేపుకే వచ్చేస్తుంది, ఒక్క చుక్క కెమికల్ లేకుండా. పీపీ ముక్కలైతే ఈ టేపు పద్ధతి ఇంకా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ప్రత్యేకమైన ప్రైమర్ లేకుండా పీపీని ఏ పెయింటూ సరిగ్గా పట్టుకోదు.

ఇప్పుడు పని ఎలా చేయాలో చెప్తాను.

వీలైనంత వరకు ముక్కలు ఊడదీసి బయట చేసుకోండి. బండిలో ఉంచి చేస్తే కారే చుక్క ఎక్కడికి పోతుందో తెలియదు. ఊడదీసేటప్పుడు స్క్రూడ్రైవర్ వాడితే పక్క ముక్కకి గాటు పడుతుంది. ప్లాస్టిక్‌తో చేసిన ట్రిమ్ టూల్స్ సెట్ తక్కువలోనే వస్తుంది, కొనుక్కోండి. బండిని కాసేపు ఎండలో ఉంచి తీస్తే క్లిప్పులు మెత్తబడి విరక్కుండా వస్తాయి. చలికాలం పొద్దున్నే లాగితే పదేళ్లు దాటిన బండి క్లిప్పులు పుటుక్కుమంటాయి. ఊడదీసే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. డ్యాష్‌బోర్డ్ దగ్గర, స్టీరింగ్ దగ్గర పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది, దాని జోలికి పోవద్దు.

తర్వాత ముక్కని గిన్నెలు తోమే లిక్విడ్ వేసిన గోరువెచ్చటి నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో కడిగి బాగా ఆరనివ్వండి. పదేళ్ల పాలిష్, చేతి జిడ్డు మీద ఐపీఏ పోస్తే అది జిడ్డునే కరిగిస్తూ కూర్చుంటుంది, పెయింట్ దాకా వెళ్లదు.

వెనక వైపు, పెయింట్ లేని చోట, ఒక చుక్క పరీక్ష తప్పనిసరి. ఐపీఏ చుక్క వేసి ఐదు నిమిషాలు తడిగా ఉంచి తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డకి నలుపు అంటితే కరుగుతోంది పెయింట్ కాదు, ప్లాస్టిక్కే. గోరు పెట్టి నొక్కండి, దిగబడితే ఆపేయాలి. ఏబీఎస్, పీపీ ముక్కలకి ఐపీఏతో ఇలా అవడం చాలా అరుదు, కానీ మీ ముక్క ఏ ఫ్యాక్టరీలో ఏం కలిపి పోశారో మనకి తెలియదు కదా.

పరీక్ష అయ్యాక టిష్యూ పేపర్ రెండు మడతలు వేసి, పెయింట్ మీద పరిచి, ఐపీఏతో తడపండి. కారేంత వద్దు, తడి అంటుకుని ఉంటే చాలు. పైన పాలిథిన్ కవర్ కప్పండి. ఐపీఏ గాలికి నిమిషాల్లో ఎగిరిపోతుంది, కవర్ దాన్ని అక్కడ కట్టేస్తుంది. ఎక్కువమంది ఇక్కడే తప్పు చేస్తారు. గుడ్డ తడిపి రుద్దుతారు, ఆరిపోతుంది, మళ్లీ తడిపి ఇంకా గట్టిగా రుద్దుతారు, చివరికి విసుగొచ్చి థిన్నర్ తీస్తారు. పెయింట్ మెత్తబడాలంటే దానికి టైమ్ ఇవ్వాలి, బలం కాదు. పావుగంట తర్వాత కవర్ ఎత్తి చూస్తే పెయింట్ అంచుల్లో ముడతలు పడి, వేడి పాల మీద మీగడలా నలిగి ఉంటుంది. అప్పుడు ఏటీఎం కార్డు అంచుని పడుకోబెట్టినట్టు పట్టుకుని ఒకే వైపుకి తోయండి. బ్లేడు, కత్తి వద్దు. ఒక్క జారుడు చాలు, ఆ గీత బండి అమ్మేదాకా కనిపిస్తూ ఉంటుంది.

గ్రెయిన్ ఉన్న ముక్క అయితే పైపొర పోయాక గుంటల్లో సిల్వర్ మిగిలిపోతుంది, అసలు కష్టం అదే. అరచేయంత చోటు మాత్రం తీసుకోండి. ఐపీఏలో ముంచిన మెత్తటి టూత్‌బ్రష్‌తో చిన్న చిన్న గుండ్రాలుగా తిప్పండి. బ్రష్ తీయగానే, తడి ఆరకముందే, పొడి బనియన్ గుడ్డతో అద్దండి. తుడవడం కాదు, అద్దడం. తుడిస్తే కరిగిన సిల్వర్ పక్క గుంటల్లోకి పోయి ముక్కంతా బూడిద రంగు తిరుగుతుంది. గుడ్డలో అంటిన వైపు మళ్లీ వాడొద్దు, మడత మార్చుకుంటూ పోండి. రెండు మూడు విడతలు పడుతుంది. ఒకే సారి గంటల తరబడి నానబెట్టొద్దు, ఏబీఎస్‌కి అదీ మంచిది కాదు. పావుగంట, ఇరవై నిమిషాలు పెట్టి, గీకి, ఆరనిచ్చి, మళ్లీ పెట్టండి.

నిలువుగా ఉండి ఊడదీయడానికి కుదరని చోట, డోర్ ప్యాడ్ లాంటి వాటి మీద, జెల్ శానిటైజర్ బాగుంటుంది. అందులో ఉండేది కూడా ఆల్కహాలే. జెల్ కారదు, త్వరగా ఆరదు. మందంగా పూసి కవర్ అంటించేయండి. అయితే కరోనా టైమ్‌లో ఇదే శానిటైజర్ స్ప్రేని స్క్రీన్ల మీద, మీటర్ అద్దం మీద కొట్టి పాడు చేసుకున్నవాళ్లు నా దగ్గరికి చాలామంది వచ్చారు. మీటర్ మీది పారదర్శకమైన ముక్క తరచుగా ఆక్రిలిక్, దానికి ఆల్కహాల్ పడదు, సాలెగూడులా సన్నటి పగుళ్లు వస్తాయి. ఆ చుట్టుపక్కల పని ఉంటే ముందే టేపు, కవరు వేసి మూసేయండి.

స్విచ్‌లతో ఇంకా జాగ్రత్త. పవర్ విండో, ఏసీ బటన్ల మీద రాత్రి వెలిగే గుర్తులు ఉంటాయి కదా. చాలా బండ్లలో అవి వెలుతురు పోయే తెల్ల ప్లాస్టిక్ మీద నల్ల పెయింట్ వేసి, లేజర్‌తో గుర్తు ఆకారంలో ఆ పెయింట్‌ని చెక్కినవి. పాత ఓనరు స్ప్రే దాని మీద కూడా పడిందని ఐపీఏ పెట్టి రుద్దితే స్ప్రేతో పాటు కంపెనీ నలుపు కూడా పోవచ్చు. అప్పుడు గుర్తు పోయి బటన్ మొత్తం బల్బులా వెలుగుతుంది. బటన్ల మీద పడిన తుంపరని గోరుతోనో, వెదురు పుల్లతోనో గీకి తీసుకోవడమే మేలు.

మీరు అడిగిన మిగతా వాటి సంగతి.

బ్రేక్ ఆయిల్. డాట్ 3, డాట్ 4 అనే మామూలు రకాలు పెయింట్‌ని లేపుతాయన్నది నిజమే, బండి బానెట్ మీద ఒలికితే ఏమవుతుందో అందరికీ తెలుసు. యూట్యూబ్ చూసి దాంట్లో ముక్కలు నానబెట్టేవాళ్లు చాలామంది. ఏబీఎస్‌కి అది నెమ్మది విషం. పైకి ఏమీ కాదు, నల్లగా నిగనిగలాడుతూ బయటికి వస్తుంది. కానీ అచ్చులో పోసినప్పటి ఒత్తిడి క్లిప్పుల మొదళ్లలో, స్క్రూ పట్టే గొట్టాల దగ్గర దాగి ఉంటుంది. సరిగ్గా అక్కడ వెంట్రుకంత పగుళ్లు మొదలవుతాయి. బ్రేక్ ఆయిల్ ఒలికిన బైక్ ఫెయిరింగులు స్క్రూ దగ్గర చీలిపోయేది ఇందుకే. ఒకాయన డోర్ పట్టీలు రాత్రంతా ముంచి, శుభ్రంగా కడిగి, బిగించమని తెచ్చాడు. రంగు చూస్తే కొత్తవే. క్లిప్పులు మాత్రం నొక్కుతుంటే ఒక్కొక్కటీ బిస్కెట్ ముక్కల్లా రాలిపోయాయి. పట్టీలు కొత్తవి కొనాల్సి వచ్చింది. అన్నట్టు సిలికాన్‌తో చేసే డాట్ 5 అయితే పెయింట్‌ని కూడా ఏమీ చేయదు.

ఐపీఏ వాడినా ఈ క్లిప్పుల సూత్రం గుర్తుంచుకోండి. తడిగా ఉండగా ముక్కని వంచొద్దు, క్లిప్పుల మొదట్లో మడుగు కట్టనివ్వొద్దు, రాత్రంతా ఆరాకే బిగించండి.

కాస్టిక్ సోడా. ఏబీఎస్, పీపీ రెండూ దీన్ని తట్టుకుంటాయి, పాత ఎనామెల్ పెయింట్‌ని ఇది బాగానే లేపుతుంది. అందుకే నెట్‌లో ఓవెన్ క్లీనర్‌తో తీశామని చెప్పేవాళ్లు కనిపిస్తారు, అందులో ఉండేది ఇదే. కానీ పీసీ కలిసిన ముక్కకి ఇది పడదు. అల్యూమినియం ముక్కలు, అల్యూమినియం పూతతో మెరిసే రింగులు దీంట్లో కరిగిపోతాయి. అన్నిటికంటే ముందు, కంట్లో ఒక్క చుక్క పడితే చూపు పోవచ్చు. ఇంట్లో పిల్లలుంటే అసలు తేవొద్దు. నా షాపులోనే నేను వాడను.

పెయింట్ షాపులో అమ్మే పెయింట్ రిమూవర్ డోర్లకి, బానెట్‌లకి, అంటే రేకుకి. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న రకమైతే ప్లాస్టిక్ మీద పూసిన నిమిషాల్లో ముక్క బబుల్ గమ్ అవుతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ సంగతి కూడా అంతే. అసిటోన్ లేదని రాసి ఉన్న సీసాలు సేఫ్ అనుకుంటారు, వాటిలో ఎక్కువగా ఉండేది ఇథైల్ ఎసిటేట్, అది కూడా ఏబీఎస్‌ని కరిగిస్తుంది. పెట్రోలు, కమలా తొక్క నూనెతో చేసిన క్లీనర్లు కూడా ఏబీఎస్‌కి వద్దు. హీట్ గన్ గురించి కూడా కొందరు అడుగుతారు. ఏబీఎస్ 100 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, హీట్ గన్ మూతి దగ్గర 300 పైనే ఉంటుంది. ఇక లెక్క మీరే వేసుకోండి.

డెట్టాల్ పేరు చెప్తే నవ్వుతారు గానీ, చిన్న స్కేల్ మోడల్ కార్లు, బొమ్మలు తయారు చేసేవాళ్లు ఏళ్ల తరబడి దాన్నే వాడుతున్నారు. ఆ గోధుమ రంగు యాంటిసెప్టిక్ లిక్విడ్‌లో టెర్పినియోల్, ఆల్కహాల్ ఉంటాయి, ఆక్రిలిక్ పెయింట్‌ని మెత్తబరుస్తాయి. నీళ్లు కలపకుండా చిన్న ముక్కని ముంచి కొన్ని గంటలు వదిలేస్తే పెయింట్ ఊడుతుంది. ఒక్కటే మెలిక: పెయింట్ మొత్తం పోయేదాకా నీళ్లు తగలనివ్వకూడదు. ముందు డెట్టాల్‌తోనే బ్రష్ చేసి తుడిచేసి, ఆ తర్వాతే సబ్బు నీళ్లు. మధ్యలో నీళ్లు తగిలితే కరిగిన పెయింట్ అంతా తారులా గ్రెయిన్‌లోకి పట్టేస్తుంది. ఐపీఏ దొరకని ఊళ్లో చిన్న రింగులకి ఇది పనికొస్తుంది. కన్సోల్ అంత ముక్కకి వద్దు, వాసనకి మీరే బండి దిగి పారిపోతారు.

ఇదే ప్రశ్న వేరే రూపంలో కూడా వస్తుంటుంది కాబట్టి ఒక మాట. కొన్ని బండ్లలో, ముఖ్యంగా పాత యూరోపియన్ మోడళ్లలో, డోర్ హ్యాండిళ్లు, బటన్ల చుట్టూ చెయ్యి పెడితే బెల్లం పాకంలా అంటుకుంటుంది. అది ఎవరో కొట్టిన పెయింట్ కాదు, మెత్తగా తగలాలని కంపెనీ వేసిన సాఫ్ట్ టచ్ పూత. పాలియురేథేన్‌తో చేసిన ఆ పూత ఏళ్ల తరబడి వేడికి, గాలిలో తేమకి విడిపోయి జిగురవుతుంది. మన కోస్తా వాతావరణం, ఎండాకాలంలో 70 డిగ్రీలు దాటే డ్యాష్‌బోర్డ్, రెండూ కలిస్తే ఇక చెప్పేదేముంది. దాన్ని బాగుచేయలేం, తీసేయడమే. ఐపీఏ, బనియన్ గుడ్డలు, ఓపిక. కింద గట్టి ప్లాస్టిక్ కాస్త మెరుస్తూ బయటపడుతుంది, కంపెనీ ఫినిష్‌లా ఉండదు, కానీ చెయ్యి అంటుకోదు.

గోడల పెయింట్ ఒలికిన కేసులు కూడా అప్పుడప్పుడు వస్తాయి. ఇల్లు కట్టించుకునేవాళ్లు ఎమల్షన్ బకెట్ డిక్కీలో పెట్టుకుని స్పీడ్ బ్రేకర్ దూకిస్తారు. పచ్చిగా ఉండగా అయితే సబ్బు నీళ్లు చాలు, కంగారు పడి ఏ కెమికల్ పోయొద్దు. ఎండిపోతే పైన చెప్పిన ఐపీఏ పద్ధతే.

ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగ్ మూత, స్టీరింగ్ మధ్య ముక్క: వీటి మీద పెయింట్ ఉన్నా సాల్వెంట్ పెట్టొద్దు, రుద్దొద్దు, కొత్తగా పెయింట్ కూడా వేయొద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఆ మూత లెక్క ప్రకారం ఒక గీత వెంట చీలాలి. ఆ గీత లోపల వైపు పల్చగా ఉంటుంది, బయటికి కనిపించదు. సాల్వెంట్‌తో అక్కడ ప్లాస్టిక్ పెళుసెక్కితే ముక్కలు మొహం మీదికి వస్తాయి. కస్టమర్ ఎంత అడిగినా ఈ పని నేను ఒప్పుకోను. తడి సబ్బు గుడ్డతో తుడిస్తే పోయినంత పోతుంది, మిగిలింది ఉండనివ్వండి.

ఐపీఏకి చిన్న నిప్పు రవ్వ తగిలినా చాలు, అంటుకుంటుంది. మూసిన బండిలో ఆవిరి పోగవుతుంది. నాలుగు డోర్లు తీసి, నీడలో, బీడీ సిగరెట్ దూరంగా పెట్టి చేయండి. తడి పూర్తిగా ఆరకముందే హెయిర్ డ్రయర్ పెట్టొద్దు. చేతికి నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, లేకపోతే సాయంత్రానికి వేళ్లు తెల్లగా పిగిలిపోతాయి.

పెయింట్ పోయాక సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టి చూస్తే ముక్క పాలిపోయినట్టు ఉంటుంది. కంగారు వద్దు, జిడ్డంతా పోయింది కాబట్టి అలా కనిపిస్తుంది. పీపీ అయితే నీటి ఆధారంగా చేసిన ట్రిమ్ డ్రెస్సింగ్ పల్చగా పట్టిస్తే నలుపు తిరిగొస్తుంది. ఏబీఎస్ మీద డ్రెస్సింగ్ పెట్టినా పాత పెయింట్ సాల్వెంట్ కొరికిన మచ్చలు లీలగా కనిపించొచ్చు, అది ఏబీఎస్‌తో తప్పదు. అది కంటికి ఇబ్బందిగా ఉంటే బూడిద రంగు స్కాచ్ ప్యాడ్‌తో (గరుకు పీచు ముక్క) తేలిగ్గా రుద్ది, ప్లాస్టిక్ ప్రైమర్, ఆ పైన శాటిన్ బ్లాక్ పల్చగా మూడు కోట్లు. కోటుకీ కోటుకీ మధ్య పది నిమిషాలు. పీపీ ముక్కకి రంగు వేయాలంటే మాత్రం ప్రైమర్ కంటే ముందు అడ్హెషన్ ప్రమోటర్ అని, పెయింట్ పట్టుకునేలా చేసే పూత విడిగా దొరుకుతుంది, అది కొట్టకపోతే ఆర్నెల్లలో మీ పాత ఓనరు పెయింట్ గతే పడుతుంది.

నన్నడిగితే మీ బండికి ఇలా చేస్తాను. వెంట్ రింగులు పాతవి దొరికితే మార్చేస్తాను. డోర్ పట్టీలకి టేపు, తర్వాత ఐపీఏ. కన్సోల్‌కి పూర్తి ఐపీఏ పద్ధతి, థిన్నర్ తగిలిన మూల గట్టిపడ్డాక మొత్తం పైముక్క శాటిన్ బ్లాక్. ఒక ఆదివారం పొద్దున్న మొదలుపెడితే తీసే పని సాయంత్రానికి అయిపోతుంది, పెయింటింగ్ తర్వాతి వారం పెట్టుకోండి.

ముక్కలు ఊడదీశాక వెనక అక్షరాలు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. పక్కనుంచి టార్చ్ వేసి గ్రెయిన్ కనిపించేలా ఇంకో ఫోటో. ఆ రెండూ చూస్తే ఏ ముక్క దాచుకోవాలో, ఏది పారేయాలో చెప్పగలను.